నాలుగు వేళ్ల మడత

నిఘంటువు కార్యాలయం, రెండో అంతస్తు
జనవరి 11

వదినా,

నీ మరదలు ఉద్యోగంలో చేరి నెల దాటింది, ఇంకా ఎవరూ బయటికి గెంటలేదు. ముందుగా ఆ శుభవార్త.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఏమిటని విసుక్కోకు. ఫోన్లో నా మాటలు సగం నీ కుట్టు మిషను మింగేస్తుంది, మిగతా సగం నువ్వు మాట్లాడేస్తావు. పైగా నాకు ఇప్పుడు కాగితమే కావాలి. ఎందుకో చెబుతాను.

మా గది సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గోడల నిండా సొరుగులు, సొరుగుల నిండా కార్డులు. ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు చెప్పే పుస్తకాలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి కదా, ఇంకోటి ఎందుకండీ అని మా పెద్దాయన్ని అడగకూడదు. అడిగినవాళ్లు ఆ పూట టీ ఒంటరిగా తాగాలి. ఆయన కళ్లజోడు మీద మళ్లీ భూతద్దం పెట్టుకుని చదువుతారు కాబట్టి చాటుగా అందరం భూతద్దం గారు అంటాం. ఆయనది ఒకటే పట్టుదల. ఏ అర్థం రాసినా, ఆ మాటని ఆ అర్థంలో బతికున్న మనిషి ఎవరో నోటితో అని ఉండాలి. ఎవరన్నారు, ఎక్కడన్నారు, ఏం చేస్తూ అన్నారు, అన్నీ కాగితం మీద సాక్ష్యం ఉండాలి. సాక్ష్యం లేని అర్థం మీద ఎర్ర పెన్సిల్ గీత పడుతుంది.

నాకు పరీక్షగా ఒక మాట ఇచ్చారు. లెట్ డౌన్. లెట్ అంటే పోనివ్వడం, డౌన్ అంటే కిందికి. ఇంతేనా, టీ చల్లారే లోపు రాసి పడేస్తానని అనుకున్నాను. తీరా చూస్తే నాలుగు అర్థాలు తేలాయి. తాడు కట్టి బుట్టనో బకెట్టునో పైనుంచి దించడం మొదటిది. మాట పుట్టింది అక్కడే, మిగతావి దాని పిల్లలు. బట్ట అంచు విప్పి పొడుగు చేయడం రెండోది. టైరులో గాలి తీసేయడం మూడోది, అది అన్నయ్య సైకిల్ షాపు సరుకు. నమ్ముకున్నవాళ్లని నట్టేట ముంచడం నాలుగోది. ప్రతిదానికీ వ్యతిరేకం కూడా వేరేగా రాయాలట.

మార్చి నెలాఖరుకి ఇవన్నీ సాక్ష్యాలతో సహా నిలబెడితే నా ఉద్యోగం ఖాయం. లేకపోతే వచ్చి నీ షాపులో బొత్తాలు కుట్టుకుంటూ కూర్చుంటాను. నేను బొత్తం ఎలా కుడతానో నీకు తెలుసు. నా కోసం కాకపోయినా నీ షాపు పరువు కోసమైనా సాయం చెయ్యి. ఆ రెండో అర్థం సంగతి నువ్వే చెప్పాలి.

నీ మరదలు

*

కుట్టు షాపు, కిటికీ పక్క
జనవరి 19

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం కత్తెర కింద పెట్టుకుని మూడు రోజులు చదివాను. ఒక్క మాటకి అర్థం వెతకడానికి మూడు నెలలు గడువా! ఈ లెక్కన నేను ఒక్క జాకెట్టుకి ఒక జన్మ తీసుకోవచ్చు.

సరే, రాసుకో. పెద్దవాళ్ల బట్టకి కింద వేలెడు మడత చాలు. పిల్లల బట్టకి నేను నాలుగు వేళ్ల మడత వదులుతాను. టేపుతో కాదు, వేళ్లతోనే. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. మిగతా షాపులవాళ్లు బట్ట దండగ అంటారు. పిల్లలు మనం చూస్తుండగా పెరగరే, కాస్త అటు తిరిగినప్పుడు పెరుగుతారు. ఆ ఏడాది గడిచాక వాళ్ల అమ్మ ఆ గౌను పట్టుకుని బిక్కమొహంతో వస్తుంది. అప్పుడు నేను కుట్టు విప్పి, వేలెడు కిందికి దించి, మళ్లీ కుట్టి ఇస్తాను. నిన్ను నేను పెంచింది అలాగే. నీ ఆకుపచ్చ గౌను మూడుసార్లు కిందికి దిగింది, గుర్తుందా?

వ్యతిరేకం అడిగావు. మడిచి కుట్టడం. కానీ ఒక సంగతి విను. నీ పుస్తకంలో అర్థం ముందు రాసి, వ్యతిరేకం తర్వాత రాస్తారేమో, మా పనిలో వ్యతిరేకమే ముందు. ముందెవరో మడిచి దాచకపోతే తర్వాత విప్పడానికి ఏముంటుంది? ఈ మాట మీ భూతద్దం గారికి నా పేరు చెప్పి వినిపించు.

ఇక నా సంగతి. ఎదురు వీధి బడి నుంచి పాటల బృందానికి నలభై గౌన్లు కుట్టే పని వచ్చింది! మార్చి పదిహేనున పిల్లలు వేదికెక్కుతారు. ఇవి బాగుంటే వచ్చే ఏడాది బడి దుస్తులన్నీ నాకే అని హెడ్మిస్ట్రెస్ అంది. వదులు గౌన్లు కాబట్టి భుజాలకీ చుట్టుకొలతకీ అట్ట నమూనా ఒకటుంది, అందరికీ అదే. ఒక్క నిలువే ఎవరిది వాళ్లకి. నలభై మంది నా షాపులో పట్టరు కదా, పాటల టీచరు తనే పిల్లల్ని బడిలో కొలిచి కాగితం మీద రాసి పంపింది. నాకు ఇది కొత్త. మనిషి నా ముందు నిలబడకుండా ఇంతవరకు బట్ట కుట్టలేదు. అయినా భయం లేదు. మా అమ్మ ఇచ్చిన టేపు ఉంది. ఇరవై రెండేళ్లలో ఆ టేపుతో కొలిచిన ఒక్క బట్ట కూడా వెనక్కి రాలేదు. మొదటి అయిదారు అంకెలు అరిగిపోయాయి, అయితేనేం, నేను చూసేది చివరి అంకెనే.

నీలం బట్ట తెచ్చాను. మన బట్టల కొట్టు ఆయన ఎంత మంచివాడో. ఎప్పుడు కొలిచి చూసినా ముక్కకి రెండంగుళాలు ఎక్కువే ఉంటుంది. ఈ రోజుల్లో అలాంటి చెయ్యి ఎవరికుంది చెప్పు.

వేళకి తిను.

నీ వదిన

*

నిఘంటువు కార్యాలయం
ఫిబ్రవరి 2

వదినా,

నీ మాట వినిపించాను. భూతద్దం గారు విని, "ఈవిడ ఎక్కడ చదువుకున్నారు?" అన్నారు. ఇనప సూదుల డబ్బా దగ్గర అని చెప్పాను.

కానీ రెండో అర్థానికి గండం వచ్చింది. నువ్వు పద్ధతి చెప్పావు, బాగానే ఉంది, కానీ ఆ ఇంగ్లీషు మాటని ఎవరైనా నోటితో అనాలి కదా. ఈ ఊళ్లో నాలుగు కుట్టు షాపులు తిరిగాను. అందరూ ఒకటే జవాబు. పొట్టయితే పారేసి కొత్తది కొంటారమ్మా, విప్పేదెవరు అని. మిగతా నిఘంటువులు తీసి చూస్తే ఏడింటిలో ఏడూ అక్షరం పొల్లు పోకుండా ఒకే వాక్యం. ఒకరిని చూసి ఒకరు రాసుకున్నారు. భూతద్దం గారు ఎర్ర పెన్సిల్ చెక్కి పక్కన పెట్టుకుని, "ఈ అర్థం చచ్చిపోయిందేమో, చచ్చిన అర్థానికి నా పుస్తకంలో చోటు లేదు" అన్నారు. మీ బడివాళ్లు ఇంగ్లీషు మాట్లాడతారు కదా, కాస్త చెవి అటు వేసి ఉంచు. ఒక్క వాక్యం దొరికినా చాలు, నా ఉద్యోగం నిలబడుతుంది.

మిగతావి పరవాలేదు. మొదటి అర్థానికి పక్క భవనానికి సున్నం వేసేవాళ్ల మేస్త్రీ దొరికాడు. టైరుకి మా ఆఫీసు కాపలాదారు సాక్ష్యం చెప్పాడు, గాలి తీసింది ఎవరో మాత్రం చెప్పలేదు. నాలుగోదానికి సాక్ష్యాలు కుప్పలు. దాని వ్యతిరేకమే తెగడం లేదు.

వదినా, ఇంకా ఆ పాత టేపే వాడుతున్నావా? ఇరవై రెండేళ్లయింది కదా, గుడ్డ టేపు సాగుతుందేమో. నీకో కొత్తది పంపుతున్నాను. పసుపు రంగు, రెండు వైపులా అంకెలు. గౌన్లు దీనితోనే కొలువు. మాటవరసకి అంటున్నాననుకోకు, దీనితోనే కొలువు.

నీ మరదలు

*

కుట్టు షాపు
ఫిబ్రవరి 14

పిల్లా,

టేపు అందింది. ఎంత ముచ్చటగా ఉందో! సొరుగులో దాచాను. కొత్త చెప్పులు వేసుకుని పరుగుపందెం పరిగెత్తమన్నట్టుంది నీ సలహా. నలభై గౌన్ల పని మొదలయ్యాక చేతికి అలవాటైన టేపు మారుస్తారా ఎవరైనా? అమ్మ టేపు సాగలేదు, సాగదు. నువ్వు నీ అర్థాలు చూసుకో.

ఒక వింత చెప్పనా? నేను పార్సిల్ విప్పి టేపు తీస్తుంటే మీ అన్నయ్య టీ తాగుతూ ఉన్నారు. ఒక్కసారిగా పొలమారింది. నెత్తిమీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారులే అన్నాను. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "చెల్లి ఏమైనా రాసిందా?" అన్నారు. రాసింది, టేపు మార్చమంది అన్నాను. ఆయన కప్పు అక్కడే వదిలేసి సైకిల్ షాపులోకి వెళ్లిపోయారు. ఆ రోజు పంక్చర్లే లేవు, అయినా మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు.

గౌన్లు కత్తిరించడం అయిపోయింది. అలవాటు కొద్దీ అన్నింటికీ నాలుగు వేళ్ల మడత వదిలాను. పాడేది ఒక్క రోజే కదా అని మీ అన్నయ్య అన్నారు. పిల్లలు ఆ ఒక్క రోజుతో పెరగడం ఆపేస్తారా?

నీ వాక్యం కోసం చెవి అటే పడేసి ఉంచాను. ఇంతవరకు గుడ్ మార్నింగ్, థాంక్యూ తప్ప ఏమీ పడలేదు.

నీ వదిన

*

కుట్టు షాపు
మార్చి 1

పిల్లా,

కొంప మునిగింది.

నిన్న బడి హాల్లో పిల్లలకి గౌన్లు తొడిగి చూశారు. నలభైకి నలభై పొట్టి! ఒకటి రెండయితే పిల్ల ఎదిగింది అనుకుందును. అందరికీ సరిగ్గా ఒకే లెక్క, రెండంగుళాలు పైకి. నలభై జతల చీలమండలు వరసగా కనిపించాయి. హెడ్మిస్ట్రెస్ వంగి ఒక్కొక్క అంచూ చూసుకుంటూ వెళ్లింది. తిట్టినా బాగుండేది.

నా తప్పు కాదే. నేను కాగితం దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ రెండుసార్లు కొలిచాను. కాగితంలో నలభై నాలుగంటే నా టేపు మీద నలభై నాలుగు. ఆ పాటల టీచరే కొలతలు తప్పు తీసింది. చిన్న వయసు, పాట తప్ప ఇంకో ధ్యాస లేదు, తెలుగు కూడా అంతంత మాత్రం. ఈ ఏడాదే తాత్కాలికంగా వేసుకున్నారట. ఆమె నా వైపు చూసి, "నేను బాగానే కొలిచాను అండీ" అని వచ్చీరాని తెలుగులో అంది. ఆడలేక మద్దెల ఓడు అనే రకం!

నేను ఊరుకోను. ఇరవై రెండేళ్ల పేరు నాది. తప్పు కొలతలిచ్చింది మీ టీచరే అని హెడ్మిస్ట్రెస్‌కి ఉత్తరం రాస్తున్నాను. ఆమె రాసిచ్చిన కాగితం కూడా జతచేస్తాను. వచ్చే మంగళవారం బడి పెద్దల సమావేశం ఉంది, అందులో తేలుస్తారు. మీ అన్నయ్య మాత్రం, "పోనీలే, ఎందుకు, కొన్ని రోజులు ఆగు" అంటూ నా చుట్టూ తిరుగుతున్నారు. కట్టుకున్న పెళ్లాం మాట కంటే ఎవరో టీచరు ఎక్కువైపోయింది! నిన్నటి నుంచి ఆయనతో మాట్లాడటం లేదు.

నువ్వైనా నా పక్షమేనని రాయి.

నీ వదిన

*

నా గది
మార్చి 4, స్పీడ్ పోస్టు

వదినా,

ఆ ఉత్తరం ఇవ్వకు. ఇది చదివేదాకా దయచేసి ఇవ్వకు.

ఆ టీచరు కొలతలు సరైనవే. తప్పు నీది కూడా కాదు. నాది.

నువ్వు కొత్త కోడలిగా వచ్చిన మొదటి నెల. నాకు ఎనిమిదేళ్లు. నా దగ్గర బొటనవేలంత చెక్క బొమ్మ ఉండేది. దానికి నడుముకి బెల్టు కావాలి. నువ్వు స్నానానికి వెళ్లావు, నీ పెట్టె మీద టేపు, దాని పక్కనే కత్తెర. ఒకటో అంకె వైపు ఇత్తడి బిళ్ల దగ్గర అంకెలు అరిగిపోయి ఖాళీగా కనిపించింది. ఖాళీ ముక్కే కదా, ఎవరికి పనికొస్తుంది అనుకున్నాను. కొంచెం అనుకుని రెండంగుళాలు కత్తిరించేశాను. తర్వాత ఆ బిళ్లని మళ్లీ చివర తగిలించేశాను. నువ్వు వచ్చి టేపు మెళ్లో వేసుకున్నావు. చూడలేదు.

ఆ సాయంత్రమే చెప్పి ఉండాల్సింది. కానీ నువ్వు ఆ టేపుని మడిచి కళ్లకద్దుకుని, మా అమ్మ ఇచ్చిందని నాకు చూపించావు. ఇంకెలా చెప్పను? తర్వాత నా జడలు వేశావు, గౌన్లు కుట్టావు, జ్వరమొస్తే పక్కన పడుకున్నావు. నువ్వు మంచిగా ఉన్న కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. బట్టలన్నీ సరిగ్గానే వస్తున్నాయి కదా, ఏమీ కాలేదులే అని నన్ను నేనే సముదాయించుకున్నాను.

ఎందుకు సరిగ్గా వచ్చాయో నీ ఉత్తరం చదివాకే అర్థమైంది. మనిషినీ బట్టనీ నువ్వు ఒకే టేపుతో కొలుస్తావు. మనిషి దగ్గర రెండంగుళాలు తప్పితే బట్ట దగ్గరా రెండే తప్పుతాయి, ఒకదానికొకటి చెల్లు. ఇప్పుడు మొదటిసారి కొలత బయటి నుంచి కాగితం మీద వచ్చింది. అందుకే దొరికిపోయింది. కొత్త టేపు పంపితే గుట్టుచప్పుడు కాకుండా బయటపడతాననుకున్నాను. ఎంత పిరికిదాన్నో చూడు.

ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దాని బెల్టు విప్పి ఈ కవర్లో పెడుతున్నాను. ఎవరూ సాయం చేయలేదు, ఎవరికీ తెలియదు, అంతా నేనొక్కదాన్నే.

నా పేరు చెప్పు. హెడ్మిస్ట్రెస్‌కి చెప్పు, టీచరుకి చెప్పు. నమ్ముకున్నవాళ్లని ముంచడం అనే ఆ నాలుగో అర్థానికి భూతద్దం గారు ఇంకో సాక్ష్యం అడిగితే నన్ను నేనే ఇచ్చుకుంటాను. ఉద్యోగం పోయినా ఏదో ఒకటి చూసుకుంటాను వదినా, నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే మాత్రం తట్టుకోలేను.

నీ మరదలు

*

కుట్టు షాపు
మార్చి 9

ఒసేయ్ పిల్లా,

ముందు ఏడుపు ఆపు. ఆ ఉత్తరం మీద చుక్కలు చుక్కలుగా సిరా కరిగింది, ఏమిటి ఆ రాత?

నీ కవరు అందగానే సొరుగులోంచి కొత్త టేపు తీసి, అమ్మ టేపు పక్కన బల్ల మీద పరిచాను. కొత్తదాని మీద పదీ అమ్మదాని మీద పన్నెండూ భుజం భుజం కలుపుకుని నిలబడ్డాయి. కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పను. అమ్మ వస్తువు కదా. తర్వాత బట్టల కొట్టు ఆయన గుర్తొచ్చాడు. ఇరవై రెండేళ్లుగా రెండంగుళాలు ఎక్కువిస్తున్నాడని ఊరంతా పొగిడాను కదే! పాపం ఆయన ఒక్క దారప్పోగు కూడా ఎక్కువివ్వలేదు. పోయినేడు ఆయన కొట్టు వార్షికోత్సవంలో లేచి నిలబడి నాలుగు మాటలు కూడా చెప్పాను. అది తలుచుకునేసరికి నవ్వు మొదలైంది. ఇక ఆగలేదు. పక్క షాపుల్లోంచి వచ్చి చూశారు.

నవ్వు అయ్యాక ఆ పిల్ల మొహం గుర్తొచ్చింది, పాటల టీచరు. "నేను బాగానే కొలిచాను అండీ" అన్నప్పటి మొహం. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే నా ఉత్తరంతో ఆ పిల్ల పని పోయేది. చెప్పులేసుకుని తిన్నగా బడికి వెళ్లాను. హాల్లో పిల్లల ముందే, హెడ్మిస్ట్రెస్ ముందే, తప్పు నా టేపుది, టీచరమ్మది కాదు, క్షమించండి అని చెప్పాను. నీ పేరు చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లని ఇప్పుడు ఎక్కడినుంచి తెచ్చి నిలబెట్టను?

ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? కింద కూర్చుని, దగ్గరున్న గౌను అంచు తిరగేసి చూసింది. నాలుగు వేళ్ల మడత! వేళ్లు పెట్టి కొలిచి, తలెత్తి నా వైపు చూసి నవ్వింది. అప్పుడంది, నేను వెంటనే అరచేతి మీద సుద్దతో రాసుకున్నాను: "వీ కెన్ లెట్ దెమ్ డౌన్, దేర్ ఈజ్ ప్లెంటీ హియర్." అర్థం చెప్పమని హెడ్మిస్ట్రెస్‌ని అడిగాను. అంచు విప్పి దించేద్దాం, లోపల బోలెడంత ఉంది అని. నీ చచ్చిపోయిన అర్థం లేచి కూర్చుందే! ఇదిగో సాక్ష్యం. అన్నది పాటల టీచరు, అన్న చోటు బడి హాలు, చేస్తున్న పని గౌను అంచు తిరగేయడం, విన్నది నేను.

ఆ మాట నేను పట్టుకున్నానో లేదో, ఆమె అప్పటికే బ్లేడు అడిగింది. ఆమే, నేనూ, హెడ్మిస్ట్రెస్ కూడా నేల మీద కూర్చుని కుట్లు విప్పాం. రెండు మధ్యాహ్నాల్లో నలభై గౌన్లూ దిగాయి. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేస్తే పాత మడత గీత కూడా మాయమైంది. ఇంకా వేలెడు మడత మిగిలే ఉంది.

ఇక అసలు సంగతి. "ఎవరూ సాయం చేయలేదు, అంతా నేనొక్కదాన్నే" అని రాశావు. టేపు చివరి ఇత్తడి బిళ్లని భూతద్దం గారిలా పరీక్షగా చూశాను. రెండు వైపులా పట్టకారు పళ్ల గాట్లున్నాయి. నీకు ఎనిమిదేళ్లప్పుడు సీసా మూత తీయడం చేతకాదు, ఇత్తడి బిళ్ల నొక్కావా? ఆ పళ్లు సైకిల్ చెయిన్ పట్టే పట్టకారువి. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. టీ పొలమారడం, మధ్యాహ్నం దాకా షాపులో దాక్కోవడం, "పోనీలే, ఎందుకు" అని నా వెనక తిరగడం, అన్నీ ఇప్పుడు వరసగా అతుక్కున్నాయి. గాట్లు చూపించి, ఇవేమిటండీ అన్నాను. ఆయన మొహం చూడాల్సింది! ఇరవై రెండేళ్లుగా రోజూ ఆ టేపు గొప్పలు వింటూ, తేలు కుట్టిన దొంగలా అన్నం తిన్నారే మహానుభావుడు.

నీతో మాట్లాడటం మానేస్తానా? నువ్వు టేపు కత్తిరించినందుకు కాదు కానీ, అన్నని కాపాడటానికి మళ్లీ అబద్ధం రాసినందుకు రెండు రోజులు మానేద్దామనుకున్నాను. ఒక్క పూట కూడా నావల్ల కాలేదు.

నీ వదిన

కింద ఆయన రాస్తారట:

చెల్లీ, దొరికిపోయాను. ఆ రోజు నువ్వు ముక్క పట్టుకుని ఏడుస్తూ షాపులోకి వచ్చావు. కొత్త పెళ్లాం, వాళ్లమ్మ టేపు, నాకూ భయమేసింది. బిళ్ల నొక్కి ఇచ్చేశాను. నీ పేరు బయటపెట్టకూడదని నేను, నా పేరు బయటపెట్టకూడదని నువ్వు, ఇద్దరం బాగానే దాచాం. నెల రోజుల పాటు నాకు శిక్ష పడింది. షాపు మూశాక బొత్తాలు కుడుతున్నాను. నీకంటే బాగానే కుడుతున్నానట. అన్నయ్య.

*

నిఘంటువు కార్యాలయం
మార్చి 28

వదినా, అన్నయ్యా,

ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం, ఎలాగూ ఒకరిది ఒకరు చదువుతారు.

సాక్ష్యం చూపించమంటే నీ ఉత్తరం ఇచ్చాను. ఆ ఒక్క వాక్యం చదివి ఇచ్చేస్తారనుకున్నాను. భూతద్దం గారు మొదటి నుంచి చివరి దాకా చదివారు, అన్నయ్య రాసింది కూడా. చదువుతూ చదువుతూ భూతద్దం కింద పెట్టేసి నవ్వారు. ఆయన నవ్వడం ఈ గదిలో ఎవరూ చూడలేదట, టైపు చేసే ఆవిడ లేచి మంచినీళ్లు తెచ్చింది. తర్వాత ఆ ఏడు నిఘంటువుల వైపు చెయ్యి చూపించి అన్నారు: "వీటన్నింటిలో ఒకే మాట ఉంటే అదే రుజువని జనం అనుకుంటారమ్మా. అందరూ ఒకే టేపుతో కొలిచారంతే."

రెండో అర్థం బతికింది. అచ్చుకి వెళ్లే కాగితంలో ఇలా ఉంది: బట్ట అంచు కుట్టు విప్పి, లోపలి మడతను దించి పొడుగు చేయు. వ్యతిరేకం, అంచు మడిచి కుట్టు. కింద చిన్న అక్షరాల్లో, ఈ అర్థంలో వ్యతిరేకమే ముందు జరుగుతుందని ఒక కుట్టుపనివారు చెప్పారు. పేరు వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు, ఎవరి పేర్లూ వేయరట. కుట్టుపనివారు అన్న మాట మాత్రం ఆయనే తన చేత్తో చేర్చారు.

ఇక నాలుగో అర్థం. నమ్ముకున్నవాళ్లని ముంచడానికి వ్యతిరేకం ఏమిటని చివరిసారి అడిగారు. ఏడు పుస్తకాల్లో ఏడు రకాలుగా ఉన్నది ఇదొక్కటే. మాట నిలబెట్టుకోవడం అని ఒకరు, వెంట ఉండటం అని ఒకరు. నేను ఆదుకోవడం అని రాశాను. సాక్ష్యం ఏదన్నారు. నేల మీద కూర్చుని బ్లేడు అడిగిన టీచరు అన్నాను. ముందు తిట్టాల్సిన మనిషి ముందు కుట్టు విప్పింది కదా వదినా. ఆయన ఎర్ర పెన్సిల్ తీశారు. కార్డు మూల మీద ఒక టిక్కు పెట్టి సొరుగులో వేశారు.

నా ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు ఇంకో మాట ఇచ్చారు. గివ్ అప్ అట. అన్నయ్యా, బొత్తాలు కుట్టడం ఎప్పుడు మానేస్తావో రాయి, ఒక సాక్ష్యం కలిసొస్తుంది.

పిల్లలు ఎలా పాడారో ఎవరూ రాయలేదేం?

నీ మరదలు

*

కుట్టు షాపు
ఏప్రిల్ 6

పిల్లా,

బాగా పాడారు. గౌన్లు చీలమండలు దాటి సరిగ్గా చెప్పుల మీదకి వచ్చి ఆగాయి. నేను పాట సగమే విన్నాను, మిగతా సగం అంచులు చూస్తూ కూర్చున్నాను. బడి దుస్తుల పని నాకే ఇచ్చారు. పాటల టీచర్ని వచ్చే ఏడాదికి కూడా ఉంచుకున్నారు. ఆమె ఇప్పుడు సాయంత్రం పూట షాపుకి వచ్చి నాకు ఇంగ్లీషు చెబుతోంది, నేను కుట్టు చెబుతున్నాను. ఇద్దరం ఒకే తీరుగా తప్పులు చేస్తున్నాం.

నీ ఉద్యోగం సంగతి చదివి మీ అన్నయ్య కళ్లు తుడుచుకున్నారు. సూది గుచ్చుకుందని చెప్పారు, చేతిలో సూది లేదు.

నువ్వు పంపిన ఆ రెండంగుళాలని నేనేం చేశానో విను. ఇత్తడి బిళ్ల తీయించి, అమ్మ టేపు చివర సన్న కుట్టుతో అతికించి, బిళ్ల మళ్లీ పెట్టించాను, ఆ పట్టకారుతోనే. ఇరవై రెండేళ్ల తర్వాత టేపు నిండుగా ఉందని మురిసిపోయాను. మర్నాడు బేకరీ ఆవిడ బట్ట ఇచ్చి వెళ్లింది. కొలతలు నా పుస్తకంలో ఉన్నవే కదా అని వాటి ప్రకారం కత్తిరించి కుట్టాను. తొడుక్కుని చూస్తే అన్ని వైపులా రెండంగుళాలు వదులు! ఆవిడ అద్దంలో చూసుకుని, "నేను ఇంత చిక్కిపోయానా!" అని సంబరంగా వెళ్లిపోయింది. నేను మాత్రం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. నా కొలతల పుస్తకాలు తొమ్మిది ఉన్నాయి, ఈ ఊళ్లో సగం మంది అందులో ఉన్నారు, అందరూ ఆ పొట్టి టేపు అంగుళాల్లోనే ఉన్నారు. టేపు సరిచేస్తే ఊరంతా తప్పయిపోతుంది!

కాబట్టి మళ్లీ విప్పేశాను. పుస్తకంలో ఉన్నవాళ్లకి అమ్మ టేపు, కాగితం మీద వచ్చేవాళ్లకి నీ టేపు. రెండూ మెళ్లోనే వేసుకుంటున్నాను.

ఆ రెండంగుళాలు ఈ కవర్లో పెడుతున్నాను. నాకు కోపం లేదే పిల్లా. ఆ నెలలో ఈ ఇంట్లో నాకు ఎవరూ తెలియరు. నా వస్తువు ముట్టుకున్న మొదటి మనిషివి నువ్వే. అప్పుడే అడిగి ఉంటే ఏమనేదాన్నని ఈ వారమంతా ఆలోచించాను. ఇచ్చేదాన్ని.

బొమ్మ నడుముకి మళ్లీ కట్టు. ఈసారి అడిగి తీసుకున్నట్టే అనుకో.

నీ వదిన